మెడలో బిళ్ల, ఒంట్లో చిప్: రెండూ ఎందుకు?

ప్రశ్న: నమస్తే అక్కా. మేం మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో అద్దె ఇంట్లో ఉంటాం. మూడు నెలల క్రితం ఒక బ్రీడర్ దగ్గర లాబ్రడార్ పిల్లను కొన్నాం. పేరు సింబా, ఇప్పుడు ఐదు నెలలు. ఆ తర్వాత క్లైడ్‌లో ఉండే మా స్నేహితులు ఇండియాకి పూర్తిగా వెళ్లిపోతూ తమ పిల్లి మిల్లీని మాకు ఇచ్చి వెళ్లారు. రెండింటికీ మైక్రోచిప్ ఉంది. "చిప్ ఉందిగా, మళ్లీ కౌన్సిల్లో (మన మున్సిపాలిటీ లాంటిది) రిజిస్ట్రేషన్ ఎందుకు? డబ్బు లాగడానికి కాకపోతే!" అంటారు మావారు. మొన్న మా వీధిలో రేంజర్, అంటే పెంపుడు జంతువుల సంగతి చూసే కౌన్సిల్ ఉద్యోగి, ఇంటింటికీ తిరుగుతుంటే మేం తలుపు తియ్యలేదు. మా పీఆర్ (శాశ్వత నివాసం) అప్లికేషన్ ఇంకా నడుస్తోంది. ఫైన్ పడితే దానికేమైనా అవుతుందేమోనని ఒకటే టెన్షన్. మిల్లీ సంగతి ఇంటి ఓనర్‌కి ఇంకా చెప్పలేదు. మా అత్తగారేమో "రేబిస్ టీకా కాయితం అడగకుండా ఇచ్చే లైసెన్సు ఏం లైసెన్సు?" అంటున్నారు. పదకొండేళ్ల మా బాబు సింబాను తన పేరు మీదే రిజిస్టర్ చెయ్యాలని పట్టుబట్టాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, టార్నీట్

జవాబు:

అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. అది తీరితేగానీ మిగతాది మీ చెవికెక్కదు.

కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఫారంలో అడిగేది మీ పేరు, అడ్రస్, ఫోన్ నంబరు, కుక్క లేదా పిల్లి వివరాలు, చిప్ నంబరు. వీసాతో దానికి సంబంధం లేదు. రిజిస్టర్ చెయ్యలేదని ఫైన్ పడితే ఒక్కో జంతువుకి దాదాపు 400 డాలర్లు. పెద్ద మొత్తమే, కాదనను. కానీ అది పార్కింగ్ ఫైన్ లాంటిదే. గడువులోగా కట్టేస్తే అక్కడితో అయిపోతుంది, నేరం కింద శిక్ష పడినట్టు కాదు. కట్టకుండా వదిలేస్తేనే ఖర్చులు మీద పడుతూ వ్యవహారం ముదురుతుంది. అయినా మీకింకా ఫైన్ పడలేదు కదా. నాకు తెలిసిన మనవాళ్లలో ఆలస్యంగానైనా తమంతట తాముగా వెళ్లి రిజిస్టర్ చేసుకున్నవాళ్లెవరికీ ఫైన్ వెయ్యలేదు. రేంజర్ రెండోసారి తలుపు తట్టేలోగా మీరే వెళ్లండి. తలుపు తియ్యకుండా లోపల ఊపిరి బిగబట్టి కూర్చోవడం పిల్లలున్న ఇంట్లో మంచిది కాదు. మీ బాబు అదంతా చూస్తున్నాడు.

ఇక మీవారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. చిప్ ఉన్నాక మళ్లీ ఇదెందుకు?

చిప్ అంటే బియ్యపు గింజంత ఉండే చిన్న వస్తువు. భుజాల మధ్య చర్మం కింద పెడతారు. అందులో బ్యాటరీ లేదు. చాలామంది అనుకుంటున్నట్టు జీపీఎస్ కూడా కాదు, కుక్క ఎక్కడుందో అది చెప్పదు. అందులో ఉండేది 15 అంకెల నంబరొక్కటే. స్కానర్ దగ్గర పెడితే ఆ నంబరు కనిపిస్తుంది. అది ఎవరిదో తెలియాలంటే చిప్ రిజిస్ట్రీలో వెతకాలి. ఈ రిజిస్ట్రీలు కౌన్సిల్‌వి కావు, లైసెన్సుతో నడిచే వేరే సంస్థలు. అలాంటివి ఒకటికి మించి ఉన్నాయి. మీరు ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా ఎవరో చెబితే తప్ప వాళ్లకు తెలియదు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వేరు. మన విక్టోరియా రాష్ట్రంలో 1994 నాటి పెంపుడు జంతువుల చట్టం ప్రకారం మూడు నెలలు నిండిన ప్రతి కుక్కా, ప్రతి పిల్లీ తామున్న ప్రాంతపు కౌన్సిల్లో రిజిస్టర్ అయి ఉండాలి. మీకైతే అది విండమ్ కౌన్సిల్. చిప్ ఒక్కసారి వేయిస్తే చాలు. రిజిస్ట్రేషన్ మాత్రం ప్రతి ఏడాదీ ఏప్రిల్ 10తో ముగుస్తుంది, ఆ లోపు మళ్లీ కట్టాలి. చిప్ లేకుండా కొత్తగా రిజిస్ట్రేషన్ చెయ్యరు. ఒకటి ఉందని రెండోది అక్కర్లేదనడానికి వీల్లేదు.

చట్టం మాట పక్కన పెట్టి నా సంగతి చెబుతాను. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో అప్పుడు మీకు అర్థమవుతుంది.

మేం ఎప్పింగ్ నుంచి పాయింట్ కుక్‌కి మారిన ఏడాది. ఇల్లు సర్దుకోవడం, పిల్లల బడి, కొత్త ఉద్యోగం. మా కుక్క జూలీ రిజిస్ట్రేషన్ పాత కౌన్సిల్లోనే ఉండిపోయింది. చిప్ రిజిస్ట్రీలో నా పాత ఫోన్ నంబరే ఉంది. "వచ్చే వారం చేద్దాం" అనుకుంటూనే డిసెంబర్ వచ్చేసింది. కొత్త సంవత్సరం రాత్రి బాణసంచా మొదలవగానే జూలీ బెదిరిపోయి ఫెన్స్ కింద మట్టి తవ్వుకుని బయటికి వెళ్లిపోయింది. మెడలో బెల్టు ఉంది, రిజిస్టర్ చేస్తే కౌన్సిల్ ఇచ్చే బిళ్ల లేదు. ఎవరో మంచివాళ్లు పట్టుకుని వెటర్నరీ క్లినిక్‌లో అప్పగించారు. వాళ్లు స్కాన్ చేసి ఫోన్ చేస్తే ఆ నంబరు పని చెయ్యడం లేదు. అడ్రస్ చూస్తే ఎప్పింగ్. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? అక్కణ్ణుంచి జూలీ పౌండ్‌కి, అంటే తప్పిపోయిన జంతువులను ఉంచే చోటికి వెళ్లింది.

మేం వీధి స్తంభాలకు ఫొటోలు అంటించాం, వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాం, రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని కాలవ గట్టు మీద పేరు పెట్టి పిలుస్తూ తిరిగాం. ఆరో రోజున పౌండ్‌లో దొరికింది. ఫినాయిల్ వాసన, వరసగా ఇనప చువ్వల గదులు, చెవులు పగిలేలా మొరుగుళ్లు. అన్ని కుక్కల్లోనూ జూలీ ఒక్కటే మొరగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. పేరు పిలిస్తే చెవి ఒక్కటి కదిలింది. దగ్గరికి వచ్చి చువ్వల్లోంచి ముక్కు పెట్టినప్పుడు చూశాను. సిమెంటు నేల మీద గీకీ గీకీ ముందు కాళ్ల గోళ్లు మొదలంటా అరిగిపోయి ఉన్నాయి. అక్కడున్న అమ్మాయి కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించింది. ఓనర్ అన్నచోట నా పేరే, కింద చచ్చిపోయిన ఫోన్ నంబరు.

విక్టోరియాలో పౌండ్‌కి వచ్చిన కుక్కనీ పిల్లినీ ఓనర్ కోసం ఎనిమిది రోజులు ఉంచుతారు. ఆ తర్వాత దాన్ని వేరేవాళ్లకి ఇవ్వచ్చు. పెంపకానికి పనికిరాదనుకుంటే చంపెయ్యనూ వచ్చు. మేం వెళ్లింది ఆరో రోజు. ఆ లెక్క నేనిప్పటికీ వేళ్ల మీద వేసుకుంటూనే ఉంటాను.

జూలీ మెడలో కొత్త కౌన్సిల్ బిళ్ల ఉంటే కథ వేరుగా ఉండేది. బిళ్ల చదవడానికి స్కానర్ అక్కర్లేదు, క్లినిక్ తెరిచేదాకా ఆగక్కర్లేదు. వీధిలో ఎవరైనా దాని మీది నంబరు చూసి కౌన్సిల్‌కి ఫోన్ చెయ్యచ్చు. రేంజర్ చేతికే చిక్కినా పౌండ్ దాకా పోకుండా ఇంటికే చేర్చడానికి వీలుంటుంది. ఇంటి ఆవరణ దాటితే మెడలో బిళ్ల ఉండాలని చట్టం చెబుతున్నది అందుకే. ఇది కుక్కలకే కాదు, పిల్లులకీ వర్తిస్తుంది. రిజిస్టర్ కాని జంతువు పౌండ్‌లో చిక్కితే విడిపించే రుసుము, రోజువారీ తిండి ఖర్చు, పైన ఫైన్, వీటన్నిటితో పాటు అక్కడికక్కడ రిజిస్ట్రేషన్ డబ్బులూ కట్టాలి. మీవారు లెక్కల మనిషైతే ఈ నాలుగూ ఒక కాయితం మీద వేసి చూపించండి.

"డబ్బు లాగడానికి" అన్నారు కదా, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో కూడా చెబుతాను. రేంజర్లు, పౌండ్, కుక్కలను వదిలి ఆడించుకునే పార్కులు, తప్పిపోయినవాటిని ఇళ్లకు చేర్చడం, మీద పడి కరిచే కుక్కల మీద ఫిర్యాదులు చూసుకోవడం, ఈ పనులు దానితోనే జరుగుతాయి. కట్టిన ఫీజులో కొంత రాష్ట్ర ప్రభుత్వానికి వెళుతుంది. కుక్కల దగ్గర ఎలా మసలుకోవాలో బడుల్లోనూ కిండర్‌గార్టెన్లలోనూ చిన్నపిల్లలకు నేర్పే కార్యక్రమాలు ఆ వాటాతోనే నడుస్తాయి. మీ బాబు బడికి కూడా వాళ్లు వచ్చారేమో, అడిగి చూడండి.

ఫీజు తగ్గించుకునే దారి కూడా ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, అంటే ఇక్కడ డీసెక్సింగ్ అంటారే, అది చేయించిన జంతువుకి ఫీజు పూర్తి ఫీజులో మూడో వంతుకు మించకూడదని నియమం. పదేళ్లు దాటిన ముసలివాటికీ ఈ తగ్గింపు ఉంది. పెన్షన్ కార్డు ఉన్నవాళ్లకు మళ్లీ అందులో సగమే. సింబాకి ఐదు నెలలే కాబట్టి ఇంకా చేయించి ఉండరు. కొన్ని కౌన్సిళ్లు చిన్న పిల్లల విషయంలో ఫీజు వేరుగా చూస్తాయి. కట్టేముందు ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి. లాబ్రడార్ లాంటి పెద్ద జాతికి ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తే మంచిదో మీ డాక్టర్‌ని అడగండి. అది అయ్యేదాకా రిజిస్ట్రేషన్ ఆపకండి. ఇప్పటికే రెండు నెలలు ఆలస్యం.

మిల్లీ సంగతి కొంచెం చిక్కు. నాకు సింబా కన్నా దాని గురించే బెంగగా ఉంది.

మిల్లీ చిప్ ఇంకా మీ స్నేహితుల పేరు మీదే ఉంది, అవునా? రేపు మిల్లీ గోడ దూకి దారి తప్పితే, క్లినిక్ వాళ్లు చేసే ఫోను మీకు రాదు. ఇండియా వెళ్లిపోయినవాళ్ల ఆస్ట్రేలియా నంబరుకి వెళుతుంది. ఆ సిమ్ ఎన్నాళ్లు పని చేస్తుంది? అందుకని ముందు చెయ్యాల్సింది పేరు మార్పిడి. మొదట చిప్ నంబరు తెలుసుకోండి. కాయితాలు లేకపోతే దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లండి, క్షణంలో స్కాన్ చేసి రాసిస్తారు. తర్వాత పెట్ అడ్రస్ అనే వెబ్‌సైట్‌లో ఆ 15 అంకెలు కొడితే ఏ రిజిస్ట్రీలో ఉందో చూపిస్తుంది. ఆ రిజిస్ట్రీకి ఓనర్ మార్పిడి అభ్యర్థన పెట్టండి. దానికి పాత ఓనర్ ఒప్పుకోలు కావాలి, ఇక్కడే చాలామంది ఇరుక్కుపోతారు. వాళ్ల ఈమెయిల్ ఇంకా వాళ్ల చేతిలో ఉండగానే, మీ మధ్య రోజూ మాటలు నడుస్తుండగానే ఈ పని అయిపోవాలి. ఆర్నెల్లు పోతే వాళ్లు అక్కడి జీవితంలో పడిపోతారు. మీకు మొహమాటం, వాళ్లకు తీరిక ఉండదు.

క్లైడ్ ఉండేది కేసీ కౌన్సిల్ కింద. మిల్లీ అక్కడ రిజిస్టర్ అయి ఉంటే ఆ రసీదు కూడా తెప్పించుకోండి. విక్టోరియాలోనే ఒక కౌన్సిల్ నుంచి ఇంకో కౌన్సిల్‌కి మారితే మిగిలిన గడువుకి మళ్లీ డబ్బు తీసుకోకుండా మార్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. మీ విషయంలో ఓనర్ కూడా మారారు కాబట్టి ఆ మాట ముందే చెప్పి అడగండి. డీసెక్సింగ్ సర్టిఫికెట్ సంగతి అస్సలు మర్చిపోకండి. ఆపరేషన్ కాని పిల్లులను చాలా కౌన్సిళ్లు రిజిస్టరే చెయ్యవు. చేయించినట్టు రుజువు లేకపోతే మళ్లీ డాక్టర్ చుట్టూ తిరగాలి.

సింబా చిప్ కూడా ఒకసారి చూసుకోండి. బ్రీడర్ అమ్మినప్పుడు మీ పేరుకి మార్చాలి, చాలామంది మారుస్తారు కూడా. "మార్చామండీ" అన్న మాట నమ్మి వదిలెయ్యకండి. రిజిస్ట్రీ నుంచి మీ పేరుతో వచ్చిన సర్టిఫికెట్ మీ కళ్లతో చూడండి. అందులో మీ నంబరుతో పాటు ఇంకో దగ్గరి మనిషి నంబరు కూడా ఇవ్వండి. మీరిద్దరూ ఫ్లైట్‌లో ఉన్నరోజే సింబా గేటు దాటచ్చు.

ఇంటి ఓనర్ విషయం. 2020 మార్చి 2 నుంచి ఇక్కడి అద్దె చట్టం మారింది. పెంపుడు జంతువు కోసం నిర్ణీత ఫారం మీద అనుమతి అడగాలి. ఓనర్ సరైన కారణం లేకుండా కాదనకూడదు. కాదనాలంటే 14 రోజుల్లోగా వీక్యాట్ అనే ట్రిబ్యునల్‌కి వెళ్లాల్సింది ఆయనే. ఆ 14 రోజుల్లో వెళ్లకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. సింబాకి అడిగారు కాబట్టి మిల్లీకి అక్కర్లేదనుకోకండి, దానికి వేరే ఫారం ఇవ్వాలి. ఇన్‌స్పెక్షన్ రోజున పిల్లిని కారులో దాచి, మ్యావ్ అనకుండా పాటలు పెట్టిన కుటుంబం నాకు తెలుసు. ఆ మండే కారులో దానికేమన్నా అయితే? దయచేసి అలాంటి పని చెయ్యకండి. ఆ ఫారం నింపడం పది నిమిషాల పని.

మీ అత్తగారి అనుమానం మంచి అనుమానం. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి. ఇండియాలో పెంపుడు కుక్క లైసెన్సుకి రేబిస్ భయమే ప్రధానం. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ లైసెన్సు తీసుకోవాలన్నా రేబిస్ టీకా సర్టిఫికెట్ చూపించాల్సిందే. ఆ జబ్బు మనుషుల ప్రాణాలు తీస్తున్న చోట అది అలాగే ఉండాలి. ఆస్ట్రేలియాలో కుక్కల నుంచి వచ్చే ఆ రేబిస్ లేదు. కాబట్టి ఇక్కడ రిజిస్ట్రేషన్‌కి ఆ కాయితం అడగరు. దాన్ని దేశంలోకి రానివ్వకూడదనే బయటి నుంచి వచ్చే కుక్కలకు అంత కట్టుదిట్టం పెట్టారు. ఇండియా నుంచి కుక్కను నేరుగా తీసుకురానివ్వకపోవడం కూడా అందుకే. అయితే టీకాలే వద్దని కాదు. పార్వో వైరస్ సోకితే కుక్కపిల్లలు రెండు మూడు రోజుల్లో వాంతులు, రక్త విరేచనాలతో పోయే ప్రమాదం ఉంది. సింబా టీకాల పుస్తకంలో ఏ డోసూ మిగిలిపోకుండా చూసుకోండి.

ఆవిడకే ఇంకో మాట కూడా చెప్పాలి. మీరు రాయలేదుగానీ, ఊళ్లో అలవాటు కొద్దీ పెద్దవాళ్లు పొద్దుగూకేసరికి వెనక తలుపు తీసి పిల్లిని బయటికి వదులుతుంటారు. ఇక్కడ అది కుదరదు. రాత్రిళ్లు పిల్లి ఇంటి హద్దు దాటకూడదని చాలా కౌన్సిళ్లలో నియమం ఉంది, కొన్నిచోట్ల పగలూ రాత్రీ కూడా. వేరేవాళ్ల స్థలంలోకి మళ్లీ మళ్లీ వెళితే వాళ్లు ఫిర్యాదు చెయ్యచ్చు. కౌన్సిల్ దగ్గర బోను తెచ్చుకుని పట్టించనూ వచ్చు. ఇక్కడి చిన్న పక్షులు, పోసమ్‌లు (చెట్ల మీద ఉండే చిన్న జంతువులు) పిల్లి నుంచి తప్పించుకోలేవు. మీ ప్రాంతపు వేళలేమిటో రిజిస్ట్రేషన్ చేసేటప్పుడే అడిగి రాసుకోండి, ఫ్రిజ్ మీద అంటించండి.

ఇక మీ బాబు. పదకొండేళ్లవాడి పేరు మీద రిజిస్టర్ చెయ్యడం కుదరదు, పద్దెనిమిది నిండాలి. ఒకవేళ పిల్లవాడిదే అనుకున్నా చట్టం తల్లిదండ్రులనే ఓనర్లుగా చూస్తుంది. కానీ వాడి కోరికను కొట్టెయ్యకండి. కుక్కను తన పేరు మీద పెట్టుకుంటానన్న పిల్లాడు బాధ్యత అడుగుతున్నాడు. వాడికి వాడి పని ఇవ్వండి. కౌన్సిల్ నుంచి బిళ్ల వచ్చినప్పుడు బెల్టుకి వాడి చేతే తగిలించండి. వారానికోసారి బెల్టు కింద రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో వాడే చూడాలి. కుక్కపిల్ల మెడ నెలనెలా లావవుతుంది, పెద్దవాళ్లం గమనించం. మిల్లీకి మాత్రం లాగితే ఊడిపోయే రకం బెల్టే కొనండి. మామూలు బెల్టు కంచెకో కొమ్మకో తగులుకుంటే పిల్లికి ఉరి పడిపోతుంది.

అన్నీ ఒక్కరోజులో కావు. సింబా రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే అవుతుంది, చిప్ నంబరు చేతిలో పెట్టుకుని కూర్చోండి. ఇంటి ఓనర్‌కి ఇచ్చే ఫారం ఈ శనివారం చూసుకోవచ్చు. మిల్లీ పేరు మార్పిడి మాత్రం మీ స్నేహితుల చేతిలో ఉంది. మీరు వంటపని అయ్యాక ఇది చదువుతుంటే, అక్కడ వాళ్లకి ఇంకా మధ్యాహ్నమే. ముందు వాళ్లకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, వాళ్ల పాత ఈమెయిల్ ఇంకా తెరుచుకుంటోందో లేదో కనుక్కోండి.